మధ్యవర్తుల నివేదిక

హత్య కేసుల్లో యావజ్జీవం పడ్డవాళ్ల తరఫున అప్పీళ్లు చూసే లాయర్ని నేను. గుంటూరు పత్తి చేలనుంచీ ఒంగోలు పక్క మిరప తోటలనుంచీ తల్లులూ భార్యలూ కోతల కూలి పోగొట్టుకుని వస్తారు. “మావాడు చెయ్యలేదయ్యా” అన్నదే వాళ్ల మొదటి మాట. చాలాసార్లు నేనూ నమ్ముతాను. కానీ నా నమ్మకం హైకోర్టులో సాక్ష్యం కాదు. అక్కడ రికార్డే మాట్లాడాలి.

అందుకే తీర్పు కన్నా ముందు మధ్యవర్తుల నివేదిక, అంటే వస్తువు దొరికినప్పుడు పోలీసులు సాక్షుల సంతకాలతో రాసే పంచనామా, చదువుతాను. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్న మాట చెల్లదు. ఆ మాటను బట్టి ఒక వస్తువు బయటపడితే మాత్రం, పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ కింద ఆ మేరకు చెల్లేది. కొత్త చట్టంలోనూ అదే వెసులుబాటు ఉంది. పేదవాడి మీద కేసు ఎక్కువగా ఈ సందులోంచే వస్తుంది. సంతకం పెట్టిన మధ్యవర్తి ఎవరు? వస్తువు ఎక్కడ, ఎన్ని గంటలకు దొరికింది? సీలు వేశారా? కోర్టుకు చేరేదాకా ఎవరి దగ్గరుంది? ట్రయల్లో క్రాస్ చేసిన లాయరు ఇవి అడగకుండా వదిలేస్తే అప్పీల్లో మా పని చాలా కష్టం.

తెనాలి అమ్మాయి ఆయేషా మీరా కేసు మా వృత్తిలో ఎవరూ మరవకూడనిది. 2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆమెను చంపారు. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు దళిత యువకుడు సత్యంబాబును అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. జైల్లో ఉండగా నడవలేని జబ్బు. పౌరహక్కుల వాళ్లు, దళిత సంఘాలు అతని కోసం నిలబడ్డాయి. అందరికన్నా గట్టిగా నిలబడింది చనిపోయిన పిల్ల తల్లిదండ్రులు. ఇతను కాదు, అసలు దోషుల్ని పట్టుకోండని ఏళ్ల తరబడి అడిగారు. కడుపుకోతలో ఉన్నవాళ్లకు ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలనిపించడం సహజం. వాళ్లు అలా అనుకోలేదు. ఇంత ధైర్యం నేను మా బార్లో కూడా చూడలేదు.

2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. దర్యాప్తు అధికారుల మీద చర్య తీసుకోమంది, లక్ష రూపాయలు ఇమ్మంది. జైల్లో పోయింది ఎనిమిదేళ్ల పైమాటే. ఇలాంటివాళ్లకు పరిహారం హక్కుగా ఇవ్వాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో చెప్పింది. ఆ చట్టం ఇంకా రాలేదు.

నన్ను ఇంతకన్నా కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చేనాటికి విజయవాడ కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాలు ధ్వంసమైపోయాయి. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ పిల్ల అవశేషాలను తవ్వి తీసి మళ్లీ పరీక్షకు పంపాల్సి వచ్చింది. ఆ తల్లికి ఆ రోజు చూడాల్సిన అవసరం ఎందుకు రావాలి?

అప్పీలు గడువు దాటాక వస్తువులను ధ్వంసం చేయమని మన తీర్పుల చివర మామూలుగా ఒక వాక్యం ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఏ అప్పీల్లోనైనా తీర్పు తెరవగానే ఆ వాక్యం వెతుకుతాను. అది కనిపిస్తే అప్పీలుతోపాటే ఆ వస్తువులను భద్రపరచమని పిటిషన్ వేస్తాను. మధ్యవర్తుల నివేదికతో సహా అన్ని కాగితాలకూ నకళ్ల దరఖాస్తు పెట్టిస్తాను. ఒక సెట్టు నా ఆఫీసులో ఉంటుంది, ఇంకొకటి ముద్దాయి తల్లి ఇంటికి పంపుతాను.