ఉల్టా తల్వార్

కెన్షిన్ అనే సమురాయి చేతిలో ఓ వింత తల్వార్ ఉంటుంది. పదును ఉండాల్సిన వైపు మొద్దుగా, మొద్దుగా ఉండాల్సిన వైపు పదునుగా. దాంతో కొడితే ఎముక విరుగుతుంది గానీ తల తెగదు. పదునంతా పట్టుకున్నవాడి వైపే ఉంటుంది.

నొబుహిరో వాత్సుకి 1994 నుంచి 1999 దాకా జపాన్‌లో ఓ వారపత్రికలో గీసిన 'రురౌని కెన్షిన్' మాంగా ఇది. మొత్తం 28 సంపుటాలు. కథ 1878లో టోక్యోలో మొదలవుతుంది. దానికి పదేళ్ల ముందు షోగన్ల హుకూమత్ కూలిపోయింది. 1876లో తల్వార్ కట్టుకుని బయట తిరగడమే మనా అయింది. ఆ పాత హుకూమత్‌ను కూల్చడానికి కెన్షిన్ పద్నాలుగేళ్లకే ఖాతిల్ అయ్యాడు. ఇంకిలాబ్ గెలిచింది, గెలిచినవాళ్లు కుర్చీలెక్కారు. ఇతను మాత్రం ఇక ఎవర్నీ చంపనని ఖసమ్ తిని, ఉల్టా తల్వార్‌తో ఊళ్లు పట్టుకుని తిరిగాడు.

ఇంటర్ చదివే మావాడికి కథ ఇక్కడే పూరా అయిపోయింది. "తౌబా చేశాడు, చంపడం మానేశాడు. బస్, ఇంకేం కావాలి అబ్బా?" అంటాడు. వాడి పక్కన కూర్చుని చూసిన నాకు మాత్రం అసలు కథ అక్కడే షురూ అయిందనిపించింది.

కెన్షిన్ ఎడమ చెంప మీద ఇంటూ గుర్తు లాంటి గాటు ఉంటుంది. ఒక గీత, కొద్ది రోజుల్లో షాదీ కావాల్సిన ఓ కుర్రాడు చనిపోతూ పెట్టింది. రెండోది, ఆ కుర్రాడికి కాబోయిన దుల్హన్ తోమోయెది. బద్లా కోసం వచ్చిన ఆమె చివరికి కెన్షిన్‌నే ప్రేమించింది. అతన్ని కాపాడబోయి అతని కత్తికే బలైంది. ఆమె తమ్ముడు ఎనిషి అది కళ్లారా చూశాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, పైనుంచి సజా పడకపోతే ఇన్సాన్‌నైన నేనే వేస్తానంటాడు.

1996లో మొదలైన టీవీ యానిమే ఎనిషి దాకా పోనే లేదు. వేరే కథలు అల్లుకుని 1998లో ఆగిపోయింది. తోమోయె కథ 1999లో నాలుగు భాగాల యానిమేషన్‌గా విడిగా వచ్చింది. కెయిషి ఓతోమో తీసిన అయిదు సినిమాల్లో మొదటిది 2012లో వచ్చింది. ఎనిషి కోసం 2021 దాకా, 'ది ఫైనల్' దాకా ఆగాల్సి వచ్చింది. అంటే టీవీ సీరియల్ ఒక్కటే చూసినవాళ్లకి కెన్షిన్ తౌబా కనిపిస్తుంది, కర్జా కనిపించదు.

ఈ ఫరక్ మా ఇంట్లో అందరికీ తెలిసిందే. నానా పోయాక అమ్మీకి రావాల్సిన చేను మా మామూ ఒకాయన తన పేరున రాయించుకున్నారు. తర్వాత మనిషి మారారు. అబద్ధం ఎందుకు, నిజంగానే మారారు. నమాజు తప్పరు, ఆకలన్నవాణ్ణి ఖాళీ చేతుల్తో పంపరు. ఊరంతా తారీఫ్ చేస్తుంది. మావాడు కెన్షిన్ గురించి వాదిస్తుంటే విని అమ్మీ ఒక్కటే అంది: "భాయీ మంచోడయ్యాడు, ఖుషీయే బేటా. ఆ తౌబాలో నా చేను ఎక్కడుంది మరి?" మావాడు జవాబు చెప్పలేదు. చేను ఇంకా మామూ పేరునే ఉంది.

కథ గీసిన మనిషి సంగతీ మావాడికి దాచకుండా చెప్పాను. చిన్నపిల్లల అశ్లీల వీడియోలు దగ్గర పెట్టుకున్న కేసులో 2018లో వాత్సుకికి 2 లక్షల యెన్ల జుర్మానా పడింది. కట్టాడు, అదే ఏడాది మాంగా మళ్లీ మొదలైంది. జుర్మానా సర్కారుకు చేరింది. ఆ పిల్లలకేం చేరింది? కెన్షిన్‌ను ప్రేమించేవాళ్లు ఈ సవాల్‌ను పక్కనపెట్టి 2023లో వచ్చిన కొత్త యానిమే చూడలేరు.

ఎనిషి చేసిందంతా ఇన్సాఫ్ అనను. అతని బద్లా ఏ పాపమూ తెలియని వాళ్ల మీద కూడా పడుతుంది. చివర్లో అక్క డైరీ అతని చేతికి వస్తుంది. కోపం తగ్గుతుంది, కానీ మాఫీ అనే మాట నోటినుంచి రాదు. కథ కూడా అతన్ని జబర్దస్తీ చేయదు. నాకు నచ్చింది అదే. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు మజ్లూమ్ దగ్గరికే పోయి "ఛోడ్ దో, వాడు మారాడు కదా" అంటారు. మారినవాడి దగ్గరికి పోయి "తీసుకున్నది ఇచ్చెయ్" అనేవాళ్లు తక్కువ.

చంపిన ప్రాణాన్ని కెన్షిన్ తిరిగి ఇవ్వలేడు. అందుకే బతికినన్నాళ్లూ పదును తన వైపు పెట్టుకుని ఇతరులను కాపాడతానంటాడు. అంతకుమించి అతని చేతిలో ఏమీ లేదు. చేనైతే తిరిగి ఇవ్వచ్చు. ఒక పూట రిజిస్ట్రారాఫీసుకు పోతే చాలు.