మైపాడు ఇసుక – ఉత్తరపు మంచు

నెల్లూరు నుండి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. పెన్నా డెల్టా వరిమళ్ళు, కొబ్బరిచెట్లు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ దాటితే ఇసుక మొదలవుతుంది. ఆ ఇసుక మీదనే మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా కాపురముంటున్నాయి. ఇటువంటి ఊళ్ళో మత్తయి సువార్త 7వ అధ్యాయంలోని ఇల్లు కట్టిన ఇద్దరి ఉపమానం బోధించడం సేవకులకు అంత సులభం కాదు. "అయ్యగారూ, మాకు బండ ఎక్కడిది? ఉన్నదంతా ఇసుకే గదా!" అని వినేవారి ముఖాలే అడుగుతాయి.

అయితే ఆ ఇసుకలో ఎలా బ్రతకాలో వారి పెద్దలకు తెలుసు. తాటాకు ఇంటి చూరు బాగా క్రిందికి దించేవారు, గాలి దూరకుండా పైనుంచి జారిపోవాలని. సముద్రానికీ ఇళ్ళకూ నడుమ ఇసుక దిబ్బను, దానిని పట్టి ఉంచే తీగలను కదిలించేవారు కారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును, 2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడే, వచ్చిన సునామీని ఈ తీరం చూసింది. ఆ తరువాత తీరంలో పక్కా ఇళ్ళు పెరిగాయి. గాలికి అవి మేలే. కాని దిబ్బ లేనిచోట పక్కా ఇంటికైనా అలే ఎదురవుతుంది.

ఉన్న చోటును ఎరిగి ఇల్లు కట్టుకోవడం మానవునికి ఎంత పాత విద్యో భూమికి ఉత్తరపు కొసన కనబడుతుంది. గ్రీన్‌లాండు ఉత్తరపు అంచున పియరీ ల్యాండు అనే ప్రదేశముంది. చలికాలంలో నాలుగు నెలలకు పైగా అక్కడ సూర్యుడు ఉదయించడు. చెట్లు లేవు; నేలకు అంటుకొని ప్రాకే చిన్న పొదలే. అయినను సుమారు 4,400 సంవత్సరాల క్రితం అక్కడ మనుష్యులు కాపురమున్నారు. ఐగిల్ క్నూత్ అనే డెన్మార్కు పరిశోధకుడు 1948 ప్రాంతంలో వారి నివాసాల ఆనవాళ్ళు కనుగొన్నాడు. గుడారపు అంచులు గాలికి లేవకుండా చుట్టూ పేర్చిన రాళ్ళు, నడుమ పలకరాళ్ళు నిలబెట్టి కట్టిన పొయ్యి – మిగిలినవి ఇవే. కస్తూరి ఎద్దులను వేటాడి బ్రతికేవారు. మరి వంటచెరకు? సైబీరియా నదులు చెట్లను సముద్రంలోకి మోసుకొస్తాయి. తేలే మంచుతో అవి కొన్నేళ్ళు ప్రయాణించి ఆ తీరం చేరతాయి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా దొరికినట్లు, చెట్టు లేని దేశంలో వారికి కట్టె దొరికింది.

పూర్వం మంచు బరువుకు అణగిపోయిన అక్కడి నేల, ఆ బరువు తగ్గాక మెల్లగా పైకి లేచింది. అందుచేత నాడు సముద్రపు ఒడ్డున వేసిన ఆ గుడారాల రాళ్ళు నేడు ఒడ్డుకు చాలా ఎగువన ఉన్నాయి. మనకు అట్లు కాదు. గ్రీన్‌లాండు మంచు కరిగి సముద్రంలో కలుస్తోంది, సముద్రపు నీరు వేడెక్కి ఉబ్బుతోంది. 1900 నుండి ప్రపంచమంతటా సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఎక్కడో కరిగిన మంచుకు మైపాడులో లెక్క చెల్లించవలసి వస్తున్నది.

"ఊరు లోపలికి జరపండి" అని చెప్పడం తేలిక. పడవ, వల ఒడ్డున ఉండగా మనిషి ఎంత దూరం వెళ్ళగలడు? వేట మానితే పిల్లలకు అన్నమెట్లు?

ప్రియులారా, ఆ ఉపమానంలో వాన ఇద్దరి ఇండ్ల మీదను కురిసింది. వరద ఇద్దరికీ వచ్చింది. విన్న మాట చొప్పున చేసినవాడు నిలిచాడు. వినడం ఇద్దరూ విన్నారు. ఇసుక మీద కాపురమున్నవారికి కూడ ఈ మాట చెల్లుతుంది. దిబ్బను త్రవ్వి ట్రాక్టర్లకెత్తనివ్వకండి. సరుగుడు చెట్టు ఒకటి కొడితే రెండు నాటండి. తుఫాను హెచ్చరిక వినగానే ముసలివారిని, పిల్లలను ముందుగా తరలించండి. ప్రార్థించి ఇంట్లోనే ఉండిపోవడం విశ్వాసమని ఎవరూ బోధించకుందురు గాక. అబ్రాహాము గుడారాలలోనే నివసించాడు, పిలుపు విన్నప్పుడు లేచి నడిచాడు. తీరవాసులైన మన కుటుంబాలకు దేవుడు ఆ వినే చెవిని, లేచే కాళ్ళను అనుగ్రహించును గాక. ఆమేన్.