విప్పిన వరుస

కొనకముందు ఒకసారి చూపించండి బాబూ అని ఎంతమందికి చెప్పినా, అందరూ కొన్నాకే తీసుకొస్తారు. ఆ కుర్రాడూ అంతే. తెనాలి వాడు. మాస్టర్స్ అయి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, నెలనెలా చదువు అప్పు కట్టుకుంటున్నాడు. ఒక శనివారం పొద్దున న్యూజెర్సీలో నా షాపు ముందు ఎర్ర కారు ఆపి, దిగి, "ఎలా ఉందన్నా?" అన్నాడు. 1990 మోడల్ మాజ్డా మియాటా. రెండే సీట్లు, గుడ్డ టాపు, మీట నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. అతని కంటే కారే వయసులో పెద్దది. 2,200 డాలర్లకు కొన్నాడట. చేతిలో ఇంకో 3,000 ఉంది. బాగుచేయడం అందులోనే, టర్బో పెట్టించడమూ అందులోనే.

నేను జవాబు చెప్పకుండా కింద పడుకున్నాను. తలుపు కింద, వెనక చక్రానికి ముందుండే రేకుని మేం రాకర్ అంటాం. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లాను. ముందు వైపు ఖంగుమంది. వెనక్కి వచ్చేసరికి శబ్దం మందగించింది, అట్టపెట్టె మీద కొట్టినట్టు. మొన తిప్పి కొద్దిగా ఒత్తితే స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. పైన ఎర్ర రంగు నిగనిగలాడుతూనే ఉంది. కుర్రాడి మొహం చూస్తే నాకే మనసొప్పలేదు. "బండి మంచిదే తమ్ముడూ, మన ఖర్చే ఎక్కడ మొదలెట్టాలో చూసుకోవాలి" అన్నాను.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్లో. పదహారేళ్లకి చేరాను. మొదటి ఏడాదంతా కిరసనాయిలు ట్రేలో సామాన్లు కడగడమే. మేస్త్రి ఇంజన్ విప్పుతుంటే పక్కన గోనెసంచి పరిచి, ఒక్కో బోల్టూ ఒక్కో వాషరూ ఊడిన వరుసలోనే పేర్చాలి. ఒక్కటి అటూ ఇటూ అయినా ఆయన పని ఆపేసేవాడు. "విప్పిన వరుస తెలిస్తేనే బిగించే వరుస తెలుస్తుందిరా" అనేవాడు. ఆ మాట ఇంజన్‌కే అనుకున్నాను చాలాకాలం. డబ్బు తక్కువున్న మనిషి బండి చేతికొచ్చినప్పుడల్లా ఆ గోనెసంచే గుర్తొస్తుంది. ఉన్న నాలుగు డబ్బులు ఏ వరుసలో ఖర్చుపెట్టాలో చెప్పగలగడమే నా పనిలో సగం అని ఇప్పుడనుకుంటాను. టర్బోకి డబ్బంతా పోసి, తుప్పు పట్టిన చాసీ మీద తిరిగే కుర్రాళ్లను చూశాను. భయం వేస్తుంది.

ఈ కారు పుట్టుక కూడా కుర్రాడికి చెప్పాను, ఎందుకంటే టర్బో ఎందుకొద్దో అందులోనే ఉంది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ విలేఖరి మాజ్డా పెద్దాయన కెనిచి యమమోటోతో, పాతకాలపు బ్రిటిష్ ఓపెన్ కార్ల లాంటి తేలికపాటి చవక బండి మీరెందుకు చేయకూడదని అన్నాడు. పదేళ్లకి, 1989లో, షికాగో ఆటో షోలో ఆ బండి బయటికొచ్చింది. ఇంజన్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, మాజ్డా 323 అనే కుటుంబాల కారు ఇంజన్ కులానిదే, 1.6 లీటర్లు, 116 హార్స్‌పవర్. దాన్ని పొడుగ్గా తిప్పి పెట్టి, వెనక చక్రాలు బండిని నెట్టేట్టు చేశారు. బండి బరువు టన్నుకి లోపే. ఆనందమంతా ఆ తేలికలో ఉంది. పైగా ఆ 1.6 బండ్లలో వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ చిన్నది. టర్బో బలం మీద పడితే పళ్లు రాలతాయి. 1994లో 1.8 ఇంజన్‌తో పాటు కంపెనీయే పెద్దది పెట్టింది. అంటే టర్బో ఒక్కటే కొంటే సరిపోదు, దాని వెనకాలే డిఫరెన్షియల్, క్లచ్, రేడియేటర్ అన్నీ క్యూ కడతాయి. అతను కాసేపు మౌనంగా ఉండి, "అయితే ముందేం చేద్దాం?" అన్నాడు. అప్పుడు నాకు అతని మీద గౌరవం కలిగింది.

ముందు తుప్పు. పైకప్పు ఉన్న కారుకి బరువు మోయడంలో కప్పు కూడా సాయపడుతుంది. టాపులేని కారుకి ఆ రెండు రాకర్లే వెన్నెముక. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బయటి నుంచి తింటుంది. ఈ కారుకి లోపలి నుంచి ఇంకో జబ్బు. గుడ్డ టాపు మీద పడిన వాన సీట్ల వెనక రెండు మూలలకీ వచ్చి, రెండు గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి గొట్టం మూసుకుపోతే ఆ నీళ్లు రాకర్ లోపల నిలబడిపోతాయి. నేను కుడివైపు గొట్టంలో తీగ పెట్టి తిప్పితే నల్లగా, టీపొడి పిప్పిలా ఒక గుప్పెడు వచ్చింది. ఎన్నేళ్ల ఆకులో.

ఆ తుప్పు రేకు కోయడంలో నేనూ ఒక తప్పు చేశాను. ఎడమవైపు రాకర్ కోసేటప్పుడు, తలుపు సందుకి అడ్డంగా ఇనుప పట్టీ బిగించకుండా గ్రైండర్ పెట్టేశాను. సాయంత్రం తలుపు వేయబోతే పైన అంచు తగిలింది. సందు ఒక మూడు మిల్లీమీటర్లు మూసుకుపోయింది. బండి నడుం వంగిందన్నమాట. ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్న పని, తొందర పడ్డాను. మళ్లీ జాకీ పెట్టి మెల్లగా ఎత్తి, సందు సరిచూసి, పట్టీ వెల్డ్ చేశాకే ముందుకి కదిలాను. ఆ గంటలకి కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోలేదు. మిగతా కూలీలో కూడా సగమే, ఎందుకంటే ప్రతి శనివారం వచ్చి రంగు గీకడం, బోల్టులు విప్పడం అతనే చేశాడు. మెరిసే ఇనుము కనిపించేదాకా కోసి, కొత్త రేకు వరసగా కాకుండా ఇక్కడొక చుక్క అక్కడొక చుక్క వెల్డ్ పెట్టుకుంటూ వచ్చాం. ఒకేచోట వేడి పడితే రేకు ముడతలు పడుతుంది. చివర్న లోపలంతా మైనం స్ప్రే చేశాం.

తర్వాత ఇంజన్. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఒకదానికొకటి దగ్గర్లోనే వచ్చింది. కానీ ఇంజన్ ఆన్‌లో ఉండగా ముందు పుల్లీ మీద టార్చ్ వేస్తే, తిరుగుతున్న అంచు చాలా కొద్దిగా ఊగుతోంది. పుల్లీకి నాలుగే గాడులు. ఆ గాడులు చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. 1990, 91 తొలి బండ్ల క్రాంక్‌షాఫ్ట్ కొన పొట్టిగా ఉంటుంది, మేం పొట్టి ముక్కు అంటాం. తర్వాతి వాటికి ముక్కు పొడుగు, పుల్లీకి ఎనిమిది గాడులు. పొట్టి ముక్కు మీద టైమింగ్ బెల్ట్ పళ్లచక్రాన్ని పట్టి ఉంచేది చిటికెన వేలి గోరంత కీ. మధ్యలో ఎవరో టైమింగ్ బెల్ట్ మార్చి, పాత బోల్టే సరైన బిగువు లేకుండా పెట్టేశారు. చక్రం రోజూ వెంట్రుకవాసి కదిలి కదిలి కీ అంచుల్నీ, అది కూర్చునే గాడినీ అరగదీసింది. అలా వదిలేస్తే టైమింగ్ తప్పి బండి బలం పోతుంది, ఒకరోజు క్రాంకే పనికిరాకుండా పోతుంది.

కొత్త క్రాంక్ అంటే ఇంజన్ మొత్తం దించాలి, మన డబ్బు అక్కడితో ఆఖరు. బోల్టు విప్పి చూపుడువేలి గోరుతో గాడి అంచు తడిమాను. ఒకవైపు పదునుగా ఉంది, రెండోవైపు గోరు జారింది. అరుగుదల ఉంది గానీ గాడి ఇంకా గాడిలానే ఉంది. అప్పుడు చేసే వైద్యం ఒకటుంది. నూనె మచ్చ కూడా లేకుండా కడిగి, కొత్త కీ, కొత్త పళ్లచక్రం, కొత్త బోల్టు తెచ్చి, అరిగిన సందుల్లో లాక్‌టైట్ 660 నింపి కూర్చోబెట్టాలి. అది వెండి రంగు పేస్ట్. గట్టిపడ్డాక ఆ సందుల్లో ఆడటానికి చోటుండదు. టార్క్ రెంచ్ కుర్రాడి చేతికే ఇచ్చాను. టక్కుమనగానే ఆపమన్నాను. ఆపాడు. ఒకరోజంతా ముట్టుకోలేదు. ఆదివారం సాయంత్రం స్టార్ట్ చేసి టార్చ్ వేస్తే పుల్లీ అంచు గీత గీసినట్టు నిలబడింది. సీళ్లు, బెల్ట్, నీళ్ల పంపు అప్పుడే మార్చేశాం, అక్కడిదాకా విప్పాక మార్చకపోతే తప్పు.

బ్రేకుల దగ్గర మాత్రం కుర్రాడికి కాస్త మోడిఫికేషన్ సరదా తీర్చాను. తుక్కు యార్డులో 1.8 ఇంజన్ మియాటా ఒకటి పడి ఉంది. దాని ముందు బ్రేక్ బ్రాకెట్లు ఊడదీసి తెచ్చి, 235 మిల్లీమీటర్ల పాత డిస్కుల స్థానంలో 255 కొత్త డిస్కులు బిగించాం. షాక్ అబ్జార్బర్లు కొత్తవి, టైర్లు కొత్తవి. అలైన్‌మెంట్ బోల్టులు బుష్షుల్లోనే తుప్పుతో అతుక్కుపోయి రెండు రాత్రులు తిన్నాయి. గ్యాస్ మంట పెట్టి, కొట్టి, తిప్పి వదిలించాం. వాటి గురించి ఇంక చెప్పను.

చివరికి లెక్క చూస్తే 310 డాలర్లు మిగిలాయి. అతను మళ్లీ టర్బో మాట ఎత్తలేదు. మొదటిసారి ఇద్దరం అందులో వెళ్లినప్పుడు మలుపులో స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే బండి ముక్కు అటు వాలింది, అతను పైకే నవ్వేశాడు.

ఏటా అక్టోబరులో, ఆకులు రాలే కాలానికి, ఒక నీళ్ల సీసా తీసుకుని షాపుకొస్తాడు. టాపు మడిచి, సీటు వెనక మూలలో మెల్లగా పోస్తాడు. నేను కింద పడుకుని చూస్తాను. మొన్న వచ్చినప్పుడు ఎడమవైపు వెంటనే ధార పడింది. కుడివైపు కాసేపు ఏమీ రాలేదు. "ఆగు, తీగ తెస్తా" అనేలోపు ఒక చిన్న ఆకు ముక్క జారింది, దాని వెనకాలే నీళ్లు తేటగా నేల మీద పడ్డాయి.