అన్నయ్య కారు, మా బోరు నీళ్ళు

అనంతపురంలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకొని ఒక కారు పన్నెండేళ్ళుగా నిలిచి ఉండేది. దాని పేరు కాంటెస్సా. నేటి పిల్లలకు ఆ పేరు తెలియదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో, అంబాసిడర్ తయారైన కర్మాగారంలోనే, 1984 నుండి 2002 వరకు అది తయారయింది. ఆకారం ఒక బ్రిటిష్ కారుది, తరువాతి కాలంలో అమర్చిన ఇంజను జపాన్‌కు చెందిన ఇసుజు. మా యౌవనంలో అది షావుకార్లు, పెద్ద అధికార్లు ఎక్కే కారు. మదరసాలో ఫిఖహ్ బోధించుకొని బ్రతికే మాలాంటి వారి ఇంటి ముందు అటువంటి వాహనం ఎలా వచ్చిందని పాఠకులకు సందేహం కలగడం సహజం. రమజాన్‌లో మదరసా చందాకు వెళ్ళినపుడు ఒకరిద్దరు దాతలు ఈ మాటను నవ్వుతూనే అడిగారు. నవ్వుతూ అడిగినా అది ముల్లులాగే గుచ్చుకుంది.

కారు మా అన్నయ్యది. ఆయన కువైట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా డ్రైవరుగా పనిచేశారు. రాయలసీమ ముస్లిం కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. కదిరి, రాయచోటి, కడప ప్రాంతాలలో గల్ఫ్ డబ్బుతో లేచిన గోడలు లేని వీధులు తక్కువ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించిన నాడు అన్నయ్య అక్కడే ఉన్నారు. లక్షకు పైగా భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాలలో తిరిగి వచ్చారు కదా, వారిలో ఆయన ఒకరు. ఒక్క చేతిసంచితో ఇల్లు చేరారు. యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళారు. అక్కడ యజమాని తల్లిని వెనుక సీటులో కూర్చోబెట్టుకొని రోజూ తిప్పుతూ ఉంటే, మన అమ్మీ ఎన్నడైనా ఇలా కూర్చుంటుందా అన్న ఆలోచన ఆయనను వదలలేదు. 1999లో సెలవుపై వచ్చినపుడు, నాలుగేళ్ళు ఒకరు వాడిన కాంటెస్సాను బెంగుళూరులో కొని తెచ్చారు. అమ్మీ 2006లో పరమపదించే వరకు ఆ వెనుక సీటులో ఎడమవైపు కూర్చొని బంధువుల పెళ్ళిళ్ళకూ ఆసుపత్రికీ తిరిగింది. పాన్ నములుతూ కూర్చునేది. ఆ సీటు మీద అరచేయంత ఎర్రని మరక ఇప్పటికీ ఉంది.

2013లో మధుమేహం వలన అన్నయ్య చూపు మందగించింది. ఒకనాడు తాళాలు, కాగితాలు మా చేతిలో పెట్టి, "ఇక ఇది నీది" అన్నారు. హిబా సంపూర్ణం కావడానికి వస్తువు స్వాధీనం కావాలని మేము పిల్లలకు చెబుతూ ఉంటాము. ఆ లెక్కన అది సంపూర్ణమైన బహుమానమే. తోబుట్టువుకు ఇచ్చిన బహుమానాన్ని మళ్ళీ వెనక్కు తీసుకోవడం కూడా హనఫీ ధర్మశాస్త్రంలో చెల్లదు. కనుక ఉంచుకున్నా అమ్మినా అన్నయ్య అనుమతి మాకు అవసరం లేదు. శాస్త్రం మాట అది. ఆయనేమో పక్క వీధిలోనే ఉంటూ, అసర్ నమాజుకు వచ్చినపుడల్లా, "బండి ఎలా ఉంది, మౌలానా?" అని అడుగుతూనే ఉన్నారు.

బండి బాగా లేదు. ఎందుకు బాగా లేదో ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే తప్పు మాదే. తాళాలు ఇచ్చిన రోజున అన్నయ్య ఒకే ఒక నియమం చెప్పారు: రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయవద్దు. ఆయన సెప్టెంబరు వానలకు మిద్దె మీది నీటిని క్యాన్లలో పట్టి దాచేవారు, లేదా డిస్టిల్డ్ వాటర్ కొని కూలెంట్ కలిపి పోసేవారు. మా జిల్లాకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. తక్కినదంతా భూమి లోతు నుండి తోడుకునేదే. ఆ నీటి స్వభావం నీళ్ళు కాచే గిన్నె అడుగున చూస్తే తెలుస్తుంది: తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. అదే పెచ్చు రేడియేటర్‌లోని సన్నని గొట్టాలలోనూ కడుతుంది. గొట్టం పూడుకుపోతే ఇంజను వేడి బయటకు పోదు. వేడికి హెడ్ వంగుతుంది, గాస్కెట్ కాలుతుంది, నీరు ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. మేము మొదటి రెండేళ్ళు అన్నయ్య మాట పాటించాము. తరువాత ఒక మే నెలలో, గుత్తి నుండి వస్తూ దారిలో ఒక తోట దగ్గర బోరు నీళ్ళు పోశాము. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మమ్మల్ని చెడగొట్టింది. ఆ తరువాత ఇంటి కుళాయి నీరే.

2025 షవ్వాల్‌లో రెండు విషయాలు ఒకేసారి ముందుకు వచ్చాయి. కారు వయసు ముప్పై. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లకు ప్రతి ఐదేళ్ళకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి. ఒకప్పుడు 600 రూపాయలుండిన రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000కు పెరిగింది, అప్పటికి అంతే ఉండింది. అంతకంటే ముందు బండి ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాలి. మా మెకానిక్ డిప్ స్టిక్ బయటకు తీసి చూపించాడు. ఆయిల్ నల్లగా ఉండవలసింది, పాలు కలిపిన టీ రంగులో ఉంది. హెడ్ లేత్‌కు పంపాలి, రేడియేటర్ కోర్ మార్చాలి, విడిభాగాలకు బెంగుళూరు శివాజీనగర్ గుజిరీలో వెతకాలి. అంతా కలిపి తొంభై వేలు. మా జీతంలో అది ఆరు నెలలు. మా రెండవ అమ్మాయి నర్సింగ్ ఫీజు గడువు కూడా అదే నెల.

ఇక రెండవ విషయం. బెంగుళూరు నుండి ఒక యువకుడు ఫోన్ చేశాడు. ఫోటోలు మా మేనల్లుడు ఎవరికో పంపితే అవి ఆయన వరకు చేరాయట. పాత కార్లంటే ఇష్టం. ఫోటోలు చూసే 2,75,000 ఇస్తానన్నాడు. మా శ్రీమతి ఆ మాట విని రెండు రకఅతుల షుక్రానా నమాజు చేసింది.

మెకానిక్ ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. "హజ్రత్, మీరు తొంభై వేలు పెట్టవద్దు. ఆయిల్ మార్చేద్దాం. రేడియేటర్‌లో రెండు చెంచాల పసుపు వేస్తే లీకులు మూసుకుపోతాయి. ఆయన ఊళ్ళో పది కిలోమీటర్లు తిప్పి చూసినా సూది పైకి లేవదు. తరువాత అల్లా దయ, ఆయన అదృష్టం" అన్నాడు. ఆయన చెడ్డ మనిషి కాడు. మా అమ్మాయి ఫీజు సంగతి ఆయనకు తెలుసు. మా మీద అభిమానంతోనే ఆ సలహా ఇచ్చాడు. రెండు చెంచాల పసుపు ఎంతటి వస్తువు!

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము వేలూరు బాఖియాతుస్సాలిహాత్‌లో చదివిన రోజులలో హిదాయ గ్రంథంలోని లోపాల అధ్యాయం మీద జరిగిన వాదోపవాదాలు గుర్తుకు వచ్చాయి. వ్యాపారుల వాడుకలో ధరను తగ్గించేది ఏదైనా లోపమే, అది తెలిసిన కొనుగోలుదారుడు సరుకును తిప్పి ఇవ్వవచ్చు, ఇది మూల సూత్రం. అయితే అమ్మేవాడు, "ఏ లోపానికీ నాకు బాధ్యత లేదు" అని షరతు పెట్టి అమ్మితే, ఒక్కొక్క లోపం పేరు చెప్పకపోయినా మన హనఫీ మజ్హబ్‌లో ఆ షరతు చెల్లుతుంది. షాఫిఈలు అంత తేలికగా ఒప్పుకోరు. మా కేరళ సహపాఠీలు షాఫిఈలు కనుక ఆ పాఠం మూడు రోజులు సాగింది, అందులో గెలిచింది మేమే అని మేము ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాము. ఇప్పుడు ఆ గెలుపు మా చేతికి ఒక తాళంచెవి ఇస్తున్నది. "ఉన్నది ఉన్నట్టుగా తీసుకో నాయనా" అని ఒక్క మాట అంటే చాలు. ఖాజీ ముందు మా మీద దావా నిలవదు.

కాని ఆ షరతు చెల్లుతుందని చెప్పిన గురువులే, తెలిసిన లోపాన్ని దాచడం పాపమని కూడా చెప్పారు. ఖాజీ తీర్పు వేరు, అల్లాహ్ ముందు జవాబు వేరు. గొర్రె పొదుగులో పాలు పితకకుండా నిలవ ఉంచి, నిండుగా ఉందని చూపి అమ్మడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. మా అనంతపురం సంతలలో గొర్రెలు కొనేవారికి ఈ హదీసుకు వ్యాఖ్యానం అక్కరలేదు. మెకానిక్ చెప్పిన పసుపు ఆ పొదుగే కదా.

అంతకంటే ఎక్కువగా మమ్మల్ని కుదిపినది ప్రవక్త సహచరులు వాసిలా బిన్ అస్ఖఅ (రజి) వృత్తాంతం. ఒకరు మూడు వందల దిర్హములకు ఒంటెను అమ్మారు. కొన్నవాడు వెళ్ళిపోతూ ఉంటే వాసిలా (రజి) వెనుక పరుగెత్తి, దీనిని మాంసానికి కొన్నావా, ప్రయాణానికి కొన్నావా అని అడిగారు. ప్రయాణానికి అన్నాడు. అయితే దీని పాదంలో రంధ్రం ఉంది, దూరం నడవలేదు అని చెప్పారు. బేరంలో వంద దిర్హములు తగ్గాయి. అమ్మినవాడికి కోపం కూడా వచ్చింది. ఆయన చెప్పింది తన ఒంటె గురించి కాదు, ఎవరిదో ఒంటె. పాతికేళ్ళుగా మేము ఈ వృత్తాంతం పిల్లలకు చెప్పి ముందుకు సాగిపోతున్నాము.

యువకుడు ఆదివారం ఉదయం వచ్చాడు. తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. కారు చుట్టూ తిరిగి, చేతితో తడిమి, చిన్నపిల్లవాడిలా సంతోషపడ్డాడు. మేము వాసిలా (రజి) అడిగిన ప్రశ్ననే అడిగాము: "నాయనా, దీనిని ఇంటి ముందు పెట్టుకోవడానికా, నడపడానికా?"

"నడపడానికే అంకుల్. మా నాన్నగారు ఒకప్పుడు ఇలాంటి కారు కొనాలనుకున్నారు, కుదరలేదు. ఆయనను వెనుక కూర్చోబెట్టుకొని ఊటీ ఘాట్ ఎక్కాలి."

ఘాట్ రోడ్డు, వంగిన హెడ్, వెనుక సీటులో వృద్ధుడు. మేము జేబులోని కాగితం తీశాము. తెల్లవారుజామున తహజ్జుద్ తరువాత రాసుకున్నది. ఆయనకు తెలుగు లిపి రాదన్నాడు కనుక మేమే చదివి వినిపించాము: హెడ్ వంగింది, గాస్కెట్ కాలింది, ఆయిల్‌లో నీరు ఉంది, రేడియేటర్ పూడింది, ఎడమ వెనుక తలుపు కింద తుప్పు పట్టింది, వెనుక సీటు మీద పాన్ మరక ఉంది. మెకానిక్ పక్కనే నిలబడి వేపచెట్టు వైపు చూస్తున్నాడు. పసుపు సంగతి మేము ఎత్తలేదు. అది ఆయన గౌరవానికి సంబంధించినది.

యువకుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత తనకు తెలిసిన వారికి ఫోన్ చేసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "1,60,000 అంకుల్. మరకకు తగ్గించను, అది అలాగే ఉండనీ" అన్నాడు. లారీ మీద ఎక్కించుకొని పోతానన్నాడు. మేము ఒప్పుకున్నాము. కర్ణాటకకు బండి మార్చడానికి ఫారం 28, అమ్మకానికి 29, 30 సంతకాలు చేశాము. లక్షా పదిహేను వేలు పోయాయి. మా శ్రీమతి లోపల నుండి అన్నీ వింటున్నది. "ఫీజుకు సరిపోతుంది లెండి" అని మాత్రం అన్నది. ఆ రోజు వంటలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఫిర్యాదు చేసే హక్కు మాకు లేదు.

కొత్తవాడికి లోపం చెప్పగలిగాము. అన్నయ్యకు చెప్పడం మిగిలి ఉంది. ఆయన అడిగినపుడల్లా "బాగానే ఉంది, అల్హందులిల్లాహ్" అని పదేళ్ళుగా అంటూ వచ్చిన నోరు ఇది. లారీ శనివారం వస్తుందనగా, శుక్రవారం జుమా తరువాత ఆయనను ఇంటికి తీసుకువచ్చి, వేపచెట్టు కింద కుర్చీ వేసి, అంతా చెప్పాము. అమ్మామన్న మాటకు ఆయన ఏమీ అనలేదు. బోరు నీళ్ళ మాట దగ్గర మాకు గొంతు పూడుకుంది.

"నాకు తెలుసు" అన్నారు. "ఆరేళ్ళ కిందట నన్ను కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయావే, ఆనాడే ఇంజను చెప్పింది. నువ్వు చెబుతావని చూశాను."

ఆరేళ్ళు ప్రతి అసర్‌కూ ఆయన అడిగిన ప్రశ్నకు అర్థం అప్పుడు తెలిసింది.

కొంతసేపటికి లేచి, "వెనుక తలుపు తెరువు" అన్నారు. కారును తడుముకుంటూ వచ్చి, ఎడమవైపు, అమ్మీ స్థానంలో కూర్చున్నారు. ఆయన ఆ సీటులో కూర్చోవడం మేము చూడటం అదే మొదలు. మమ్మల్ని ముందు కూర్చొని ఇంజను తిప్పమన్నారు. రెండు మూడు ప్రయత్నాలకు అందుకుంది, వెనుక తెల్లటి పొగ లేచింది. వీధి చివరి వరకు పోదామా అని అడిగాము. వద్దన్నారు, ఊరికే తిరగనిమ్మన్నారు. చెవి తలుపుకు ఆనించి వింటున్నారు.

"వేడెక్కుతోంది. ఆపు" అన్నారు.

సూది ఇంకా సగం కూడా చేరలేదు. మేము ఆపాము.