మెకాంగ్ వెంట లావోస్

ఆగ్నేయాసియాలో సముద్రతీరం లేని దేశం లావోస్ ఒక్కటే. చుట్టూ చైనా, వియత్నాం, కంబోడియా, థాయిలాండ్, మయన్మార్. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే వచ్చే విస్తీర్ణం కన్నా కొంచెం తక్కువ. జనాభా మాత్రం 80 లక్షలు దాటదు. ఎక్కువ భాగం కొండలూ అడవులే. వాటి మధ్య నుంచి, సరిహద్దుల అంచుల నుంచి దాదాపు 1,900 కిలోమీటర్ల మేర మెకాంగ్ పారుతుంది. రోడ్లు సరిగా లేని కాలంలో నదే రహదారి. వీపుకు సంచి తగిలించుకుని, విమానం జోలికి పోకుండా ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఈ దేశాన్ని దాటినవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను వెళ్లేనాటికి ఇంకా రైలు రాలేదు. పడవ, బస్సు, వెనకాల రెండు బల్లలు బిగించిన సాంగ్‌థ్యూ బండి... ఇవే దిక్కు.

రెండు రోజుల పడవ

థాయిలాండ్‌లోని చియాంగ్ ఖోంగ్ దగ్గర నది దాటితే లావోస్ ఊరు హువేసాయ్. 2013 చివర్లో వంతెన తెరిచేదాకా అందరూ చిన్న పడవల్లోనే దాటేవారు. హువేసాయ్ నుంచి లుయాంగ్ ప్రబాంగ్‌కు నది మీద 300 కిలోమీటర్లు, రెండు పగళ్లు. రాత్రికి పాక్‌బెంగ్ అనే కొండవాలు ఊళ్లో దిగి పడుకోవాలి.

పడవ సన్నగా, చాలా పొడుగ్గా ఉంటుంది. లోపల పాత వ్యాన్లలోంచి ఊడదీసి తెచ్చిన సీట్లు. వెనక ఇంజిను, దాని పక్కనే పడవవాళ్ల కాపురం: పొయ్యి, ఆరేసిన బట్టలు, పసిపిల్లకు ఉయ్యాల. దారిలో రేవులంటూ పెద్దగా లేవు. ఇసుక ఒడ్డున నలుగురు నిలబడి చెయ్యి ఊపితే పడవ ముక్కు అటు తిరిగేది. బియ్యం బస్తాలు ఎక్కేవి, కోళ్ల గంపలు దిగేవి. ఒకచోట మోటార్ సైకిలే ఎక్కింది. ఇద్దరు ముందు చక్రం, ఇద్దరు వెనక చక్రం పట్టుకుని, ఊగే పలక మీద నుంచి నవ్వుకుంటూ తెచ్చి మా కాళ్ల ముందు పెట్టారు. మేం నది అందాలు చూడ్డానికని ఎక్కిన పడవ వాళ్లకు పల్లెవెలుగు బస్సు.

మధ్యాహ్నం పక్క సీటావిడ వెదురుబుట్ట మూత తీసింది. లోపల ఖావో నియావ్, అంటే జిగురు అన్నం. ఆ బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్లలో ఉడికించకుండా వెదురు తట్టలో ఆవిరి మీద వండుతారు. ఆవిడ మూడు వేళ్లతో కాస్త అన్నం తుంచి, ఉండ చేసి, దాన్ని కాల్చిన మిరపకాయలూ వెల్లుల్లీ దంచిన పచ్చడిలో అద్ది నోట్లో వేసుకుంది. తర్వాత బుట్ట నా వైపు జరిపింది. కూర కలుపుకోవడం, పళ్లెం నింపుకోవడం అక్కడ లేవు. అందరి చేతులూ ఒకే బుట్టలోకి వెళ్తాయి. లావోస్ జనం మూడు పూటలా తినేది ఇదే. పొలానికి వెళ్లినా ప్రయాణం కట్టినా ఆ బుట్ట భుజానికి వేలాడుతూనే ఉంటుంది. శాకాహారులకు ఒక హెచ్చరిక: పాడేక్ అనే ఊరవేసిన చేపల రసం బొప్పాయి సలాడ్‌తో సహా చాలా వంటల్లో పడుతుంది. ముందే అడిగి తినాలి.

బుద్ధుడైన రాముడు

ఖాన్ నది మెకాంగ్‌లో కలిసేచోట నాలుకలా పొడుచుకొచ్చిన నేల మీద ఉంది లుయాంగ్ ప్రబాంగ్. 1353లో ఫా ఙుమ్ స్థాపించిన లాన్ సాంగ్ రాజ్యానికి ఇదే తొలి రాజధాని. 1560 ప్రాంతంలో సెట్టాతిరాత్ రాజు రాజధానిని వియంటియాన్‌కు మార్చాడు. అంతకుముందు ఆయన ఇక్కడ కట్టించిన వట్ సియెంగ్ థోంగ్ ఆలయం కప్పులు ఇప్పటికీ నేలను తాకేంత కిందికి వాలి ఉంటాయి. 1975లో రాచరికం పోయి కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. పాత రాజభవనం మ్యూజియమైంది. 1995లో ఊరంతటినీ యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

రామాయణం ఇక్కడ ‘ఫ్రా లక్ ఫ్రా లామ్’. పేరులో ముందు లక్ష్మణుడు, తర్వాత రాముడు. కథ జరిగేది మెకాంగ్ తీరంలోనే. రాముడు బుద్ధుడి పూర్వజన్మ. రాజభవనం ఆవరణలోని నాట్యశాలలో ఆ ఘట్టాలు ఆడతారు. కథ తెలిసిన మనకు మాట అర్థం కాకపోయినా ఎవరెవరో ఇట్టే పోల్చుకోవచ్చు.

తెల్లవారుజామున కాషాయ వస్త్రాల్లో భిక్షువులు వరసగా వస్తుంటే, ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని తలా కాస్త జిగురు అన్నం పాత్రల్లో వేస్తారు. వాళ్లకది నిత్యపూజ. భిక్షువుల మొహం మీదికి కెమెరాలు పెట్టేవాళ్లను చూస్తే మనకే సిగ్గేస్తుంది. చూడదలిస్తే రోడ్డుకు అవతలి పక్క, ఫ్లాష్ లేకుండా, మాట్లాడకుండా నిలబడడం మర్యాద.

బాంబుల నేల

లుయాంగ్ ప్రబాంగ్ నుంచి తూర్పుకు కొండ మలుపుల్లో దాదాపు పగలంతా బస్సులో కూర్చుంటే ఫోన్సవన్. చుట్టుపక్కల మైదానాల్లో మనిషి పట్టేంత రాతి జాడీలు వందలకొద్దీ పడి ఉన్నాయి. ఇనుపయుగం నాటి అంత్యక్రియలతో వాటికి సంబంధం ఉందని పురావస్తు శాస్త్రవేత్తల మాట. 2019లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ నడిచేటప్పుడు మాత్రం తల పైకెత్తి జాడీలు చూడ్డం కన్నా నేల చూడ్డం ముఖ్యం. దారి వెంట నేలలో పాతిన చిన్న గుర్తురాళ్లకు సగం తెలుపు, సగం ఎరుపు రంగు. తెల్లవైపు బాంబులు తీసేసిన నేల. ఎర్రవైపు పూర్తిగా వెతకని నేల.

వియత్నాం యుద్ధకాలంలో, 1964 నుంచి 1973 దాకా, అమెరికా ఈ దేశం మీద 5,80,000 సార్లు విమానాలు పంపి 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. అందులో క్లస్టర్ బాంబుల పిల్లగుండ్లు 27 కోట్లు. వాటిలో సుమారు 8 కోట్లు పేలకుండా మట్టిలో ఉండిపోయాయని అంచనా. ఇప్పటికీ దుక్కి దున్నేటప్పుడో, పిల్లలు ఆడుకునేటప్పుడో పేలుతుంటాయి. బాంబుల తొడుగులు ఫోన్సవన్ ఇళ్లకు స్తంభాలయ్యాయి, పెరట్లో పూలతొట్లయ్యాయి. దగ్గర్లోని నాపియా ఊళ్లో యుద్ధపు అల్యూమినియం కరిగించి చెంచాలు పోస్తారు. కరిగిన లోహం అచ్చులో పోసి, కాసేపాగి విప్పితే తళతళలాడే చెంచా బయటికొస్తుంది. బాంబుల మీద బతుకుతెరువు అంటే ఏమిటో అక్కడ కళ్లారా చూడొచ్చు.

లింగపర్వతం కింద

వియంటియాన్ దాటి రాత్రి బస్సులో దక్షిణాన పాక్సే చేరాక దేశం మారినట్టు ఉంటుంది. కొండలు తగ్గి, వరిపొలాలు పరుచుకుంటాయి. చంపాసక్ దగ్గర వట్ ఫూ ఆలయం ఉంది. వెనకనున్న కొండ శిఖరం సహజంగానే శివలింగం ఆకారంలో ఉండడంతో పాతకాలంలో దాన్ని లింగపర్వతం అన్నారు. ఇప్పుడు కనిపించే కట్టడాలు చాలావరకు 11–13 శతాబ్దాల ఖ్మేర్ రాజులవి. కొండరాతిలోంచి ఊరే ఊటనీటిని రాతికాలవ ద్వారా గర్భగుడిలోకి తెచ్చి లింగానికి అభిషేకం చేసేవారు. నేడు గర్భగుడిలో బుద్ధుడున్నాడు. ఊట మాత్రం ఆగలేదు. వచ్చినవాళ్లు ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటారు.

ఇంకా కిందికి, కంబోడియా సరిహద్దులో, మెకాంగ్ వెడల్పై వేల దీవులుగా చీలిపోతుంది. ఆ ప్రాంతమే సీ ఫన్ డోన్. ఇక్కడి ఖోన్ జలపాతాల వల్లే మెకాంగ్ మీదుగా చైనాకు ఓడలు నడపాలన్న వలసపాలకులు ఫ్రెంచివాళ్ల కల చెదిరింది. డోన్ డెట్, డోన్ ఖోన్ దీవుల మీద రైలుపట్టాలు వేసి సరుకు దాటించారు. ఆ పాత ఇంజిను తుప్పు పట్టి ఇంకా అక్కడే ఉంది. ఒకప్పుడు యాత్రికులు పడవలేసుకుని వెళ్లి చూసిన ఇరావడీ డాల్ఫిన్లు మాత్రం ఇక్కడ ఇక లేవు. ఈ సరిహద్దు మడుగులో మిగిలిన చివరిది 2022లో చనిపోయింది.

రైలొచ్చింది

2021 డిసెంబర్‌లో చైనా సరిహద్దులోని బోటెన్ నుంచి వియంటియాన్‌కు రైలు మొదలైంది. 75 సొరంగాలు, 167 వంతెనలు. బస్సులో పగలంతా పట్టే లుయాంగ్ ప్రబాంగ్–వియంటియాన్ దూరం రెండు గంటలైంది. ఖర్చు దాదాపు 600 కోట్ల డాలర్లు, ఎక్కువ భాగం చైనా అప్పు. రైలొక్కటే కాదు, మెకాంగ్ మీద 1,285 మెగావాట్ల సయబూరి ఆనకట్ట 2019లో పనిచేయడం మొదలుపెట్టింది. ఆ కరెంటు చాలావరకు థాయిలాండ్‌కు పోతుంది. అప్పుల భారంతో లావోస్ కరెన్సీ కిప్ విలువ పడిపోయింది: ఒకప్పుడు డాలరుకు 8,000–9,000 కిప్‌లు వచ్చేవి, ఇప్పుడు 20,000 దాటాయి. ఈ లెక్క మనకు చవక ప్రయాణం. వాళ్లకు మందుల ధర, పెట్రోలు ధర.

‘పాత లావోస్ పోయింది’ అని మా సంచీల బృందం ఇప్పుడు బాధపడుతుంది. నాకు ఆ బాధలో పాలు పంచుకోవాలని లేదు. నెప్పులొస్తున్న కోడలిని కొండదారిలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లే అత్తకు నెమ్మదైన ప్రయాణం ముచ్చట కాదు. మాకది సెలవుల సరదా, ఆమెకది గతిలేనితనం. ఆ రైలు ఆమెకు కావాలి. దాని అప్పు ఎవరు తీరుస్తారన్నదే నిలదీయాల్సిన ప్రశ్న.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. నవంబర్–ఫిబ్రవరి మధ్య వెళ్లండి. మార్చిలో పోడు పొగ కమ్ముకుంటుంది. ఏప్రిల్ మధ్యలో వెళ్తే కొత్త సంవత్సరపు నీళ్ల పండుగలో తడుస్తారు. వచ్చేటప్పుడు రైలెక్కినా, వెళ్లేటప్పుడు పడవలోనే వెళ్లండి. పాక్‌బెంగ్‌లో ఆ రాత్రి భోజనానికీ పడకకూ మీరిచ్చే డబ్బు నేరుగా ఆ ఊరివాళ్ల చేతికే అందుతుంది. రైలు ఆ ఊళ్లో ఆగదు.