నీకేం తెలుసు?

'నీకేం తెలుసురా!'

నాన్న పోయాక కూడా నా చెవుల్లో ఆ ఒక్క మాటే తిరుగుతూ ఉండేది. అన్నది నేను. పడ్డది తమ్ముడు.

నాన్నకు కాలేయం పాడైందని తెలిసేసరికే ఆలస్యమైపోయింది. తెనాలి దగ్గర మా ఊరి డాక్టరు చెప్పాల్సింది చెప్పేశారు. 'నాన్న ఇంట్లోనే ఉంటానంటున్నాడక్కా' అన్నాడు తమ్ముడు. వాడు పదో తరగతి తప్పి పొలం చూసుకుంటున్నాడు. నేనేమో పత్రికలో పనిచేస్తున్నదాన్ని. ఆరోగ్యం మీద ఎన్ని వ్యాసాలు రాశానో! వాడి మాట వింటానా? అంబులెన్సు మాట్లాడి హైదరాబాద్ తీసుకొచ్చేశాను. తొమ్మిదో రోజున ఐసీయూలో, మేమెవరం పక్కన లేకుండానే నాన్న కన్నుమూశాడు. చివరిసారి చూసినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే... 'ఇంటికెప్పుడమ్మా?'

ఆదరణ కూడికలో పాస్టరుగారు కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక తీశారు. లోకం తెలివి అనుకునేది దేవుడి ముందు తెలివి కాదని చెప్పే భాగం. చిన్నప్పటి నుంచీ విన్నదే. చదువుకున్నవాళ్లను చులకన చేస్తున్నట్టుందని ఎప్పుడూ విసుక్కునేదాన్ని. ఆ రాత్రి నిద్రపట్టక పత్రిక మొత్తం చదివాను.

కొరింథు గ్రీసులోని వ్యాపార పట్నం. డబ్బుకు కొదవలేదు. బాగా మాట్లాడేవాళ్లకు మహా గౌరవం. క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసులో ఉన్న పౌలుకు అక్కడి సంఘం ముక్కలైందని కబురొచ్చింది. కొందరు పౌలు పక్షమట, కొందరు అపొల్లో పక్షమట, ఇంకొందరు కేఫా పక్షమట! అంటే... అది ఒకే ఇంట్లో మనుషుల మధ్య తగవు తీర్చడానికి రాసిన ఉత్తరం. వాళ్ల ముందు పౌలు పెట్టింది సిలువను. రోమన్లు బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష అది. మర్యాదస్థులు దాని పేరెత్తడానికే ఇష్టపడేవారు కాదు. దేవుడి జ్ఞానం అక్కడ కనిపించిందంటే తెలివైనవాళ్లకు నవ్వు రాదూ?

అలాగని పౌలు చదువురానివాడేం కాదు. గమలీయేలు దగ్గర ధర్మశాస్త్రం నేర్చుకున్నవాడు. ఆయన తప్పుపట్టింది చదువును కాదు, అది చూసుకుని మిడిసిపడటాన్ని. అదే ఉత్తరంలో కాస్త ముందుకెళితే, అన్నీ తెలిసినా ప్రేమ లేనివాడు ఉన్నా లేనట్టేనంటాడు.

నాకు నాన్న రిపోర్టుల్లో అంకెలు తెలుసు. ఏ కిటికీ పక్కన మంచం వేస్తే ఆయనకు నిద్రపడుతుందో తమ్ముడికి తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్లడమే తప్పని ఇప్పటికీ అనను. వాడిని అడక్కపోవడం, అంతకన్నా నాన్ననే అడక్కపోవడం... అదీ నా తప్పు.

తెల్లారి పొలానికెళ్లాను. వాడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

'నాకే ఏమీ తెలియలేదురా' అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. 'తీసుకెళ్లకపోయుంటే, తీసుకెళ్లలేదే అని నేను ఏడ్చేవాణ్నేమోనక్కా' అన్నాడు చివరికి.

ఆ మాట చెప్పడానికి ఏ డిప్లొమా కావాలి?

కాసేపటికి లేచి, 'టీ తాగావా?' అన్నాడు. లేదన్నాను. ఇద్దరం ఇంటికి నడిచాం.