లోపసంజ్ఞయు గణకయంత్రమును

సమాజశాస్త్రమున ఎం.ఏ. చదువుచున్న మా మనుమరాలు ఎస్.పి.ఎస్.ఎస్. అభ్యసించుచుండగా నేనును ప్రక్కన కూర్చుంటిని. అమెరికా యందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1968లో రూపొందిన యీ గణనసాధనము 2009 నుండి ఐ.బి.ఎం. సంస్థ స్వాధీనమున నున్నది.

అందు రెండు పుటలు. మొదటిదానిలో అడ్డువరుసకొక వ్యక్తి, నిలువువరుసకొక ప్రశ్న. రెండవదానిలో ఆ ప్రశ్నల పేర్లు, లక్షణములు. పురుషునకు 1, స్త్రీకి 2 అని ముందుగా సంకేతము చేయవలెను. సంజ్ఞాసూత్రములు తెలియక వ్యాకరణమున అడుగు పెట్టజాలము, ఇచటను అంతియే.

ఆమె 40 మంది వృద్ధులను ప్రశ్నించి వచ్చినది. వారి సగటు వయస్సు 73.8 అని యంత్రము చెప్పినది. నాకు సందేహము కలిగి పత్రములు తిరుగవేసితిని. నలుగురు వయస్సు చెప్పలేదు. వారికి 99 అని వ్రాసి, అది లోపచిహ్నమని యంత్రమునకు తెలుపుట మరచినది. పాపము, యంత్రమేమి చేయును? వారిని తొంబదితొమ్మిదేండ్ల వారినిగా లెక్కించినది. పాణిని అదర్శనమునకు లోపమని వేరొక సంజ్ఞ చేసిన ప్రయోజనము నాకప్పుడు మరల బోధపడినది. లోపముల గడిలో 99 చేర్చగా సగటు 71కి దిగినది.

ఆ నలుగురిలో నేనొకడను. పాఠశాలలో చేర్చుకొన్ననాడు గురువుగారు వ్రాసిన జన్మసంవత్సరమునకును, మా తల్లి చెప్పుచువచ్చిన దానికిని రెండేండ్ల భేదము గలదు. ఎవరి మాట కాదందును?

“ఇప్పుడైనా చెప్పండి తాతయ్యా” అన్నది.

నా వరుసలో 99 అట్లే యున్నది.